మీ చెస్ట్‌నట్ చెట్టు అమెరికాదా, చైనాదా?

ప్రశ్న: వర్జీనియాలో నాలుగెకరాలు కొన్నాం. అందులో బాగా కాసే పాత చెస్ట్‌నట్ చెట్టు ఉంది. అది అసలు అమెరికా రకమేనని పక్క పొలం ఆయన అంటున్నారు. దాని మొలకలే మరో ముప్పై పెట్టమంటారా?
– ఒక తెలుగు రైతు, వర్జీనియా

జవాబు: ముందు ఒక ఆకు కోసి తిరగేసి చూడండి. అడుగున మెత్తటి నూగు ఉండి, ఆకు మందంగా, పైన మెరుస్తూ ఉంటే అది చైనా రకం. అమెరికా రకం ఆకు పలచగా, పొడవుగా ఉంటుంది. అడుగున నూగు ఉండదు, అంచున పళ్లు పెద్దవి, కొక్కేల్లా వంగి ఉంటాయి. లేత కొమ్మ కూడా చూడండి. అమెరికా రకానిది ఎర్రగోధుమ రంగులో నున్నగా ఉంటుంది, చైనా దానికి నూగు ఉంటుంది. రెంటికీ పుట్టిన సంకర చెట్లూ ఉన్నాయి కాబట్టి గింజ సైజు ఒక్కటే చూసి తేల్చకండి.

పాత చెట్టు బాగా కాస్తోందంటేనే నాకు అనుమానం. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో బయటపడిన బ్లైట్ అనే బెరడు తెగులు, యాభై ఏళ్లలోపే అమెరికా చెస్ట్‌నట్ అడవులను దాదాపు తుడిచిపెట్టింది. ఆసియా నుంచి వచ్చిన ఈ బూజు బెరడు గాయాల గుండా చొరబడి కాండం చుట్టూ కమ్మేస్తుంది. పైచెట్టు చచ్చినా వేరు బతికే ఉంటుంది. పిలకలు వేస్తుంది, అవి కాస్త ఎదగగానే మళ్లీ తెగులు పడుతుంది. చైనా రకానికి తెగులు రాదని కాదు, వచ్చినా చాలావరకు తట్టుకుంటుంది.

అందుకే రాబడి కోసమైతే చైనా రకమే పెట్టండి. అమెరికా గింజ చిన్నదైనా తియ్యన, చెట్టు నిటారుగా వంద అడుగులు పెరిగేది. ఆ మోజు ఉంటే గట్టున రెండు మొక్కలు పెట్టుకోండి, వాటి మీద లెక్కలు మాత్రం వేసుకోకండి. చైనా చెట్టు గుబురుగా పక్కలకు పరుచుకుంటుంది కనుక 30 నుంచి 40 అడుగుల దూరం ఉంచండి.

అంటు మొక్కలు కొంటే, చైనా రకంలోనే అయినా, అన్నీ ఒకే వంగడం తీసుకోవద్దు. ఒకే వంగడం అంట్లన్నీ ఒకే చెట్టు లెక్క, తన పుప్పొడితో తనకు గింజ కట్టదు, ముళ్లకాయల్లో తాలు గింజలే మిగులుతాయి. నేల కాస్త పుల్లగా, ఉదజని సూచిక (pH) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. పరీక్ష చేయించకుండా సున్నం వేయకండి. నీరు నిలిచే బంకనేల మాత్రం వద్దు, వేరుకుళ్లు పట్టుకుంటుంది. దానికీ అమెరికా రకమే ముందు పడిపోతుంది.

రాలిన గింజలు ఏ రోజువి ఆ రోజు ఏరండి, లేకపోతే ముక్కుపురుగు పిల్లలు తొలుచుకుని నేలలోకి దిగుతాయి. లోపలి పురుగు చావడానికి గింజలను 49 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచి, తుడిచి ఫ్రిజ్‌లో పెట్టండి. వేరుశనగల్లా ఎండలో ఆరబోస్తే రాయిలా గట్టిపడతాయి.