అంపైర్‌ను ఎంతవరకు అడగొచ్చు?

ఆటల పేజీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: లెదర్ బాల్ టోర్నీలో నాకు బంతి ముందు బ్యాట్ అంచుకు తగిలి, తర్వాత ప్యాడ్‌కు తగిలింది. బ్యాట్‌కు ముందు తగిలితే ఎల్బీ కాదు కదా, అయినా ఎల్బీ ఇచ్చేశారు. నాన్‌స్ట్రైకర్‌గా ఉన్న మా కెప్టెన్ మర్యాదగానే అడిగితే, "నాకే రూల్స్ చెప్తాండావా? ఇంకో మాట మాట్లాడితే బయటికి పంపిస్తా" అన్నారు అంపైర్. ఆయన ఒక్కరే అలా పంపించేయొచ్చా?
– ఒక ఓపెనర్, తాడిపత్రి

జవాబు: పంపించలేరు. క్రికెట్ నియమాలు రాసే క్లబ్బు ఎంసీసీ. దాని నియమాల్లో ఆటగాళ్ల ప్రవర్తనకు 42వ నియమం ఉంది. 2017 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం తప్పు జరిగిందని ఒక అంపైర్‌కు అనిపిస్తే రెండో అంపైర్‌కు చెప్పాలి. తప్పు జరిగిందా, జరిగితే ఏ స్థాయిదన్నది ఇద్దరూ కలిసి తేల్చాలి. నిర్ణయంపై మాటతోనో చేష్టతోనో అసంతృప్తి చూపడం లెవెల్ 1. మొదటిసారి కెప్టెన్‌కు హెచ్చరిక మాత్రమే. అది మ్యాచ్ అయ్యేవరకు జట్టు మొత్తానికీ వర్తిస్తుంది. జట్టులో ఎవరు మళ్లీ చేసినా అవతలి జట్టుకు 5 పరుగులు. తీవ్రమైన నిరసనైతే లెవెల్ 2, హెచ్చరిక లేకుండానే 5 పరుగులు పోతాయి. అంపైర్‌ను భయపెట్టే ప్రయత్నం చేస్తే లెవెల్ 3: 5 పరుగులతో పాటు ఆ ఆటగాడు ఇన్నింగ్స్ ఓవర్లలో ఐదో వంతు, అంటే 20 ఓవర్ల మ్యాచ్‌లో 4 ఓవర్లు బయట కూర్చోవాలి. మ్యాచ్ మొత్తానికీ పంపించేయడం లెవెల్ 4లోనే. అంపైర్‌ను బెదిరించినా, కావాలని మీద చెయ్యి వేసినా అది పడుతుంది. మీ కెప్టెన్ అడిగిన ప్రశ్న వీటిలో దేని కిందికీ రాదు. అధికారం చేతిలో ఉన్నవాళ్లకు బెదిరింపు అక్కర్లేదు. నియమం తెలిసిన అంపైర్ అలా మాట్లాడడు.

అయితే అడగడానికి ఒక సమయం, ఒక తీరు ఉన్నాయి. అంపైర్ తన నిర్ణయాన్ని మార్చుకోవచ్చు, కానీ వెంటనే మార్చుకోవాలి. రెండో అంపైర్ తనకంటే బాగా చూడగలిగే చోట ఉన్నాడనుకుంటే ఆయన్ని సంప్రదించవచ్చు. కాబట్టి "సార్, అంచు తగిలినట్టుంది, స్క్వేర్ లెగ్ సార్‌ను ఒక్కసారి అడుగుతారా?" అని ఒక్క మాట, ఒక్కసారి, ఒక్కరే అడగాలి. బ్యాట్ పైకెత్తి అంచు చూపించారో, అది నిరసన లెక్కలోకి వెళ్తుంది. ఊరి టోర్నీల్లో స్క్వేర్ లెగ్‌లో నిలబడేది తరచుగా బ్యాటింగ్ జట్టువాడే. అతని మాట అంపైర్ వినకపోతే తప్పుపట్టలేం. రెండువైపులా బయటివాళ్లనే పెట్టమని టోర్నీకి ముందే పట్టుబట్టండి.

ఇంకో దారి అవతలి కెప్టెన్ చేతిలో ఉంది. తర్వాతి బంతి ఆటలోకి రాకముందు, అంపైర్ ఒప్పుకుంటే అప్పీలు వెనక్కి తీసుకోవచ్చు. 2011లో నాటింగ్‌హామ్ టెస్టులో ఇంగ్లండ్ బ్యాటర్ ఇయాన్ బెల్ రనౌటయ్యాక టీ విరామం వచ్చింది. ఆ విరామంలోనే భారత కెప్టెన్ ధోనీ అప్పీలు వెనక్కి తీసుకోవడంతో బెల్ మళ్లీ క్రీజులోకి వచ్చాడు.

అంచు ఎందుకు తప్పిపోతుందో కూడా తెలుసుకోండి. బౌలర్ ముందు కాలు గీత దాటిందా అని కిందికి చూసిన కళ్లు, అర సెకనులో అవతలి వికెట్ల దగ్గరికి చేరాలి. 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అంతకంటే ఎక్కువ టైమివ్వదు. బ్యాట్ ప్యాడ్‌కు తగిలిన చప్పుడు, బంతి అంచుకు తగిలిన చప్పుడు దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఈ పొరపాటును మన్నించాలి. అహంకారాన్ని మన్నించక్కర్లేదు.

ప్రశ్న: కబడ్డీలో లాబీ (కోర్టు రెండు పక్కలా ఉండే పట్టీ) దగ్గర రోజూ గొడవే. రిఫరీ ఒకటి చెప్తే అంపైర్ ఇంకోటి చెప్తారు. ఎవరి మాట చెల్లుతుంది?
– ఒక రైడర్, ప్రొద్దుటూరు

జవాబు: ఇద్దరు అంపైర్ల మాట కలవకపోతే రిఫరీదే తుది మాట. అసలు చిక్కు చాలాసార్లు ఏ నియమావళితో ఆడుతున్నారన్న దగ్గరే వస్తుంది. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో స్కోరు 28-28 ఉండగా, భారత రైడర్ పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండా లాబీలోకి వెళ్లాడు, ఇరాన్ డిఫెండర్లు వెంటపడ్డారు. పాయింట్లు ఎవరికి ఇవ్వాలో అధికారులే మాటలు మార్చడంతో ఆట చాలాసేపు ఆగిపోయింది. చివరికి భారత్ 33-29తో గెలిచింది. అంత పెద్ద వేదికపైనే అలా జరిగితే మన మైదానంలో ఏం చెప్పాలి! టాస్ వేసేటప్పుడే ఇద్దరు కెప్టెన్లూ రిఫరీని అడిగి తేల్చుకోండి: తాకకుండా లాబీలోకి వెళ్తే ఎవరు అవుట్, వెంట వచ్చిన డిఫెండర్ల సంగతేంటి, మూడో రైడ్ నియమం (రెండు రైడ్లు పాయింటు లేకుండా పోతే మూడో దాంట్లో తేవాల్సిందే) ఉందా లేదా.

ప్రశ్న: ఫైన్లన్నీ ఆటగాళ్లకే. అంపైర్లను అడిగేవాళ్లే లేరా?
– ఒక అభిమాని, ఆదోని

జవాబు: ఉన్నారు, కానీ ఆ విచారణ మనకు కనపడదు. ఆటగాడి శిక్ష మరుసటి రోజు పేపర్లో వస్తుంది. 2023 జులైలో బంగ్లాదేశ్‌లోని మీర్పూర్‌లో వికెట్లను బ్యాట్‌తో కొట్టి, బహుమతి ప్రదానంలో అంపైరింగ్‌ను విమర్శించిన భారత మహిళల జట్టు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్‌కు మ్యాచ్ ఫీజులో 75 శాతం కోత, రెండు మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. కోపం అర్థమవుతుంది, ఆ చేష్ట మాత్రం తప్పే.

2006లో ఇంగ్లండ్, పాకిస్థాన్ ఆడిన ఓవల్ టెస్టు చూడండి. అంపైర్లు డారెల్ హెయిర్, బిల్లీ డాక్ట్రోవ్ పాకిస్థాన్ ఆటగాళ్లు బంతిని పాడుచేశారంటూ ఆ జట్టుపై 5 పరుగుల పెనాల్టీ వేశారు. జట్టు నిరసనగా టీ తర్వాత మైదానంలోకి రాకపోవడంతో మ్యాచ్‌ను ఇంగ్లండ్‌కు ఇచ్చేశారు. విచారణలో బంతిని పాడుచేశారన్న ఆరోపణ నిలవలేదు. కానీ ఆటకు చెడ్డపేరు తెచ్చినందుకు పాకిస్థాన్ కెప్టెన్ ఇంజమామ్‌కు నాలుగు వన్డేల నిషేధం వేశారు. అదే ఏడాది నవంబరులో హెయిర్‌ను అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పించారు, 2008లో తిరిగి తీసుకున్నారు. ఆరోపణ తప్పని తేలినా, ఆడటానికి రానందుకు కెప్టెన్‌కు శిక్ష తప్పలేదు. అందుకే మైదానం వదిలి వెళ్లొద్దని మేం గట్టిగా చెప్తాం.

ఫిర్యాదు కాగితం మీద పెట్టండి. ఎల్బీ తప్పని రాస్తే ఎవరూ చదవరు, ఎందుకంటే ఆ నిర్ణయం ఇక మారదు. అంపైర్ ప్రవర్తనపై రాస్తే చదవక తప్పదు. ఎన్నో ఓవర్, ఎన్నో బంతి, అంపైర్ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, విన్నవాళ్ల పేర్లు, స్కోరర్ సంతకం ఉండాలి. కెప్టెన్ లేదా మేనేజర్ పేరుతోనే ఇవ్వాలి. ప్రొటెస్టుకు గడువు, ఫీజు ఉన్నాయేమో ఎంట్రీ పత్రంలో ముందే చూసుకోండి. వీడియో తీస్తే బౌలర్ చెయ్యి వెనక నుంచి, స్టాండు మీద కదలకుండా పెట్టి తీయండి. పక్కనుంచి తీసిన వీడియోతో ఎల్బీ గురించి ఏమీ తేలదు.

ప్రశ్న: అంపైర్ ఐదు బంతులకే ఓవర్ అనేశారు. ఆరో బంతి వేయించొచ్చా?
– ఒక స్కోరర్, గుంతకల్లు

జవాబు: వేయించలేరు. అంపైర్ లెక్క తప్పినా ఆయన లెక్కే నిలుస్తుంది. నాలుగు బంతులయ్యాక ఇద్దరు అంపైర్లూ సైగతో సరిచూసుకోవాలి. మీరూ ఆ సమయంలోనే "ఇంకా రెండున్నాయి సార్" అని చెప్పించండి. ఓవర్ పిలిచేశాక అరిచి లాభం లేదు.