నాన్నగారి విషయం ఎవరిని ఏం అడగాలంటే

నాన్నగారికి తుంటి ఎముక ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది, పెద్ద డాక్టర్ రెండు నిమిషాలు చూసి వెళ్లిపోతున్నారు, ఇంకెవరిని అడగాలో తెలియట్లేదు అని రాశారు కదండీ. టెన్షన్ పడకండి. డాక్టర్ వెళ్లాక కూడా ఆయన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు చాలామందే ఉంటారు.

ముందు స్టాఫ్ నర్సు. బీపీ, జ్వరం, మూత్రం ఎంత వచ్చింది, అన్నీ కేస్ షీట్‌లో రాసేది ఆవిడే. డాక్టర్ అది చూసే మందులు మారుస్తారు. అందుకని రాత్రి నిద్ర పట్టలేదనో, నొప్పి ఎక్కువైందనో డ్యూటీ మారకముందే ఆవిడకు చెప్పేయండి.

మా అమ్మ మంచం మీద ఉన్నప్పుడు ఒక ఆయమ్మ రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేసేది. నడుము కింద చర్మం ఎర్రబడిందని మొదట గమనించింది ఆమే. వెంటనే నర్సుకు చెప్పడంతో పుండు పడకుండా ఆగింది. డాక్టర్‌తో సమానంగా ఆమెకూ నేను రుణపడి ఉన్నాను.

నడక సంగతి ఫిజియోథెరపిస్టుని అడగండి. చేయించేటప్పుడు పక్కనే ఉండి నేర్చుకోండి, ఇంటికెళ్లాక చేయించాల్సింది మీరే. షుగర్ ఉందన్నారు కాబట్టి భోజనం గురించి డైటీషియన్‌తో మాట్లాడండి. ఆరోగ్యశ్రీ కాగితాలకైతే ఆరోగ్యమిత్ర ఉంటారు.

డాక్టర్‌ని అడగాల్సినవి చీటీ మీద రాసుకోండి: కాలి మీద బరువు ఎప్పుడు మోపొచ్చు, కుట్లు ఎప్పుడు తీస్తారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్నాళ్లు వాడాలి. ఈ మూడింటికీ రెండు నిమిషాలు సరిపోతాయి.