చల్లటి గంట ఎవరిది?

విజయవాడలో ఆడపిల్లల బడిలో 31 ఏళ్లు డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన రచయిత్రి, వ్యాయామం మీద పాఠకులు రాసిన ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు.

టీచరు గారూ, మాది సత్యనారాయణపురం. నాకు 46 ఏళ్లు. షుగరు వచ్చే సూచనలున్నాయి, రోజూ నడవమని డాక్టరు చెప్పారు. మా వారు అయిదింటికే నడకకు వెళ్లి ఆరున్నరకు వస్తారు. నేను ముగ్గురికి క్యారియర్లు సర్ది బయటపడేసరికి ఎనిమిదవుతుంది. చలికాలమంతా బాగానే సాగింది. ఉగాది వెళ్లాక మాత్రం పది నిమిషాలకే నీరసం. మొన్న కళ్లు తిరిగి ఒక దుకాణం అరుగు మీద కూలబడ్డాను. సాయంత్రం వెళ్దామంటే గోడలు సెగలు కక్కుతున్నాయి. వేసవి అయ్యేదాకా మానేయనా?

మానకండి. మీ ఇంటి వాళ్లకు దొరికే చల్లటి గంట ఒక్కటే, దాన్ని మీ వారు వాడుకుంటున్నారు. మిగిలిన ఎండ మీకు వచ్చింది.

ఏప్రిల్ మధ్యకల్లా మన ఊళ్లో ఆరు కాకుండానే సూర్యుడు వచ్చేస్తాడు. ఎనిమిదింటికి ఎండ చురుక్కుమంటుంది. పైగా మీరు అప్పటికే మూడు గంటలు పొయ్యి దగ్గర చెమటోడ్చి ఉంటారు. మధ్యలో ఒక గ్లాసు కాఫీ తప్ప ఏమైనా తాగారా? నాకు అనుమానమే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అది కారుతుంది గానీ తొందరగా ఆరదు. అప్పుడు గుండె ఇటు కాళ్లకూ అటు చర్మానికీ రక్తం పంపలేక సతమతమవుతుంది. కళ్లు తిరగడానికి అదొక కారణం. అయినా మీ డాక్టరుకు ఈ మాట చెప్పండి. బీపీ మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, వాటిలో కొన్ని ఒంట్లో నీటిని తగ్గిస్తాయి.

ఇక గడియారం సంగతి. సోమ, బుధ, శుక్రవారాలు అయిదుంబావుకు మీరు వెళ్లండి, ఆ మూడు రోజులూ పాలు కాచడం, కుక్కరు పెట్టడం మీ వారి పని. కూరలు రాత్రే తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, ఒక్క వంకాయ తప్ప. అది తెల్లారేసరికి నల్లబడుతుంది. మా ఇంట్లో ఈ ఏర్పాటు నేను రిటైరయ్యాక గానీ కుదరలేదు. ఊరి పిల్లలందరితో కసరత్తు చేయించినదాన్ని, ఇంట్లో నోరు విప్పడానికి అన్నేళ్లు పట్టింది. మొదటి వారంలో మా ఆయన మూడుసార్లు పాలు పొంగించారు. ఇప్పుడు నేను పెట్టే కాఫీకి వంకలు పెడుతున్నారు.

సాయంత్రం గోడల సెగ మీ భ్రమ కాదు. పగలంతా వేడి తాగిన కొండరాళ్లు, సిమెంటు డాబాలు పొద్దుపోయాక దాన్ని వదులుతాయి. అందుకే తెల్లవారుజాముకు మించిన వేళ లేదు. ఆదివారం మాత్రం ఇద్దరూ కలిసి ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లండి. ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 1,200 మీటర్లు. పోయి వస్తే అరగంట నడక, కింద కృష్ణమ్మ.

కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది. ముందు పావుగంటే నడిచి, మెల్లగా పెంచండి. బయటి నుంచి వచ్చినవారు ఎవరైనా అయోమయంగా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. 108కి ఫోను చేసి, వచ్చేలోగా తడిగుడ్డలతో ఒళ్లంతా తడుపుతూ విసరాలి.

గుంటూరు, అరండల్‌పేట నుంచి ఒక తండ్రి: ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పదేళ్ల మా అబ్బాయి మధ్యాహ్నం ఇంటికి రాగానే సంచి విసిరేసి బ్యాటు పట్టుకుంటాడు. వద్దంటే ఫోను పట్టుకుంటాడు. ఏది నయం?

రెండూ వద్దు. అన్నం పెట్టి పడుకోబెట్టండి. నిద్ర రాకపోతే అష్టాచెమ్మా, వామనగుంటలు, క్యారమ్స్ ఉన్నాయి, మీరూ కూర్చోండి. బ్యాటు అయిదున్నర తర్వాత. ఆ వయసు వాడికి రోజుకు గంట ఆట కావాల్సిందే, దాన్ని మాత్రం కోయకండి.

ఆటలో పడ్డ పిల్లలకు దాహం తెలియదు. ఈ పాఠం నాకు ఖరీదుగానే అబ్బింది. ఒక ఏప్రిల్‌లో పోటీలు దగ్గర పడ్డాయని పొద్దున పదింటికి రిలే పరుగు సాధన చేయించాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె చేతిలో కర్రతోనే పడిపోయింది. కాసేపటికి తేరుకుంది గానీ, తప్పు నాదే. ఆ మర్నాటి నుంచి ఇరవై నిమిషాలకొకసారి ఈల వేసి, నీళ్లు తాగనిదే మళ్లీ ఆటలోకి రానిచ్చేదాన్ని కాదు. మీరూ ఒక ఈల కొనండి. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి, రంగు సీసాలు వద్దు.

భవానీపురం నుంచి ఒక గృహిణి: మా వారు పొట్ట తగ్గాలని ఈ ఎండల్లో రెయిన్‌కోటు వేసుకుని పరుగెడుతున్నారు. ఒక్క రోజులో కిలో తగ్గానంటున్నారు. నిజమేనా?

తూకం నిజమే. తగ్గింది మాత్రం నీరు, రెండు చెంబులు తాగగానే తిరిగి వచ్చేస్తుంది. కొవ్వుకూ చెమటకూ ఆయన అనుకునే చుట్టరికం లేదు. చెమట ఆరే దారి మూసేసి పరుగెత్తడం వడదెబ్బను ఇంటికి పిలవడమే. ఆ కోటును వానలొచ్చేదాకా అల్మారాలో పెట్టి, తాళం మీ దగ్గర పెట్టుకోండి.