మనిషి కనపడకుండా పోతే ఊరు చేసే హడావుడి ఏ నాటకంలో నిజంగా ఉంది?

నాటకాల్లో ఎవరైనా మాయమైతే చుట్టూ ఉన్న జనం చేసే హడావుడి ఎందులో నిజంగా ఉందని అడిగారు కదా, నన్నడిగితే గురజాడ కన్యాశుల్కమే. గిరీశం బుచ్చమ్మను లేవదీసుకుపోయే చోటు కాదు, ముసలి పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లు ఇంట్లోంచి కొత్త పెళ్ళికూతురు మాయమయ్యే చోటు. ఆ పెళ్ళికూతురు ఆడవేషంలో ఉన్న మహేశం అని మనకు తెలుసు, వాళ్ళకు తెలీదు. తాళి కట్టించుకున్న పిల్ల కనపడకపోతే ముందు వెతకాలా వద్దా? భూతవైద్యం చేసే గవరయ్య దయ్యమంటూ, దాన్ని పట్టే సీసాతో తయారవుతాడు, పోలీసులకు అది ఖూనీ కేసైపోతుంది, రామప్ప పంతులుకేమో, తను ఉంచుకున్న మధురవాణి దగ్గర తెచ్చి పిల్ల మెడలో వేసిన కంటె నగ ఏమైందోనని టెన్షన్. పిల్ల ఏమైపోయిందోనని ఏడ్చేవాళ్ళు లేరు.

మా చిత్తూరు పక్క భారతం ఉత్సవాల్లో, పగలు హరికథ, రాత్రి వీధినాటకం, విరాటపర్వం చిన్నప్పుడు చాలాసార్లు చూశాను (సగం నిద్రలోనే లెండి). అక్కడ అజ్ఞాతవాసంలో ఉన్న పాండవులను పట్టుబట్టి వెతికేది శత్రువులే. వేగులు ఉత్త చేతులతో వస్తే, ధర్మరాజు ఉన్నచోట వానలూ పంటలూ బాగుంటాయి, అలాంటి చోట చూడండని భీష్ముడు చెప్తాడు, కీచకుడి చావు కబురుతో భీముడి మీద అనుమానం పుడుతుంది. వీళ్ళు కనీసం ఆలోచిస్తారు.

ప్రేమతో వెతికేది, కృష్ణుడు మాయమైనప్పుడు గోపికలే, చెట్టునూ పుట్టనూ అడుగుతారు, కానీ కృష్ణుడి అడుగుల పక్కన ఇంకో ఆడదాని అడుగులు కనపడగానే మాట మారిపోతుంది. ఆ అసూయ లేకపోతే నేను ఆ ఘట్టాన్ని నమ్మేవాణ్ణి కాదు.

ఎందుకంటే మా ఊళ్ళో ఒకాయన ఓ తెల్లవారి కనపడకుండా పోయినాడు. సాయంత్రానికల్లా ఒకరు బావిలో చూడమన్నారు, ఇంకొకరు బెంగుళూరు పోయింటాడన్నారు, ఆయన దగ్గర చీటీ కట్టినవాళ్ళు మాత్రం ఇంటి అరుగు మీదే కూర్చుని "అన్న వస్తాడులే వదినా, నువ్వు కొంచెం అన్నం తిను" అంటా బీరువా వైపు చూస్తా ఉన్నారు. మా అమ్మ కూడా ఆ చీటీలో ఉంది, నేనూ ఆ అరుగు మీదే ఉన్నా. మూడో రోజు గుండు కొట్టించుకుని బస్సు దిగినాడు, మొక్కుంటే అలిపిరి నుంచి కొండకు నడిచి పోయినాడంట. అందరికీ తలా ఒక లడ్డు ముక్క పెట్టినాడు. "నేను అప్పుడే చెప్పలా, కొండకే పోయింటాడని" అన్నది ఎవరనుకున్నారు, బావిలో చూడమన్నాయనే.