లుక్కా ఒక పూటలో తేలే ఊరు కాదు, రెండు రాత్రులు ఉండండి

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో దిగి ఒకే రోజులో పొద్దున లుక్కా, సాయంత్రం పిసా చుట్టి రావచ్చా, అందుకు కారు తీసుకోవాలా అని అడిగారు. వెంట అమ్మానాన్నలు ఉన్నారు, మాంసం ముట్టరు అన్నారు. లుక్కాలోనే రెండు రాత్రులు బస పెట్టుకుని, పిసాకి అక్కణ్నుంచి ఒక పూట వెళ్లి రండి. టూరు బస్సుల జనమంతా మధ్యాహ్నమే ఉంటారు. ఊరి చుట్టూ ఉన్న కోటగోడ బాగుండేది పొద్దున్నే, మళ్లీ పొద్దువాలాక.

ఫ్లోరెన్స్ సాంటా మరియా నొవెల్లా స్టేషన్ నుంచి నేరుగా వెళ్లే రీజినల్ రైలుకి సుమారు గంటన్నర. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషీన్‌లో ముద్ర వేయించాలి, ఫోన్‌లో కొన్నదైతే చెక్-ఇన్ నొక్కాలి. టికెట్ చేతిలో ఉన్నా ఇది మరిచిపోతే జరిమానా పడుతుంది. లుక్కా స్టేషన్ గోడకి దక్షిణాన ఎదురుగానే ఉంది. రోడ్డు దాటి పచ్చిక మీది కాలిబాట పట్టుకుంటే సాన్ కొలొంబానో బురుజు కింది సొరంగంలోంచి లోపలికి పోవచ్చు. దారి దగ్గరే కానీ మెట్లున్నాయి. పెద్ద సూట్‌కేసులుంటే ఎడమకి నడిచి సాన్ పియెత్రో ద్వారం గుండా వెళ్లండి.

గోడ చుట్టుకొలత 4.2 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, అడుగున మందం 30 మీటర్ల దాకా. 1500ల మొదట్లో మొదలుపెట్టి 1600ల మధ్యకి ముగించారు. బయట ఇటుక, లోపల మట్టి. ఫిరంగి గుండు మట్టిలో కూరుకుపోతుంది కానీ గోడని కూల్చడం దాని వల్ల కాదు. చివరికి ఈ గోడ మీదికి యుద్ధం రానేలేదు. 1812లో సెర్కియో నది పొంగినప్పుడు మాత్రం ద్వారాలు మూసేసి ఊరిని కాపాడుకున్నారు. పైన చెట్ల కింద వెడల్పాటి దారి ఉంది. నిదానంగా నడిస్తే గంటా గంటంబావు, అద్దె సైకిల్ మీద అరగంట. పైకి ఎక్కేందుకు చాలాచోట్ల మెట్లు లేని వాలుదారులున్నాయి కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు. పిల్లలుంటే జాగ్రత్త: బురుజుల మీద పచ్చిక అంచులకి అన్నిచోట్లా రెయిలింగ్ ఉండదు.

ఊళ్లో మొదట సాన్ మార్టినో కేథడ్రల్ ముందు కాసేపు నిలబడండి. మూడు కమానుల్లో కుడివైపుది చిన్నది. గంటల గోపురం అప్పటికే అక్కడుండటంతో ముఖభాగాన్ని ఆ మేరకు కుదించి కట్టారు. ఆ పక్క స్తంభం మీద చేతికందే ఎత్తున గుండ్రటి చిక్కుదారి చెక్కి ఉంటుంది, శతాబ్దాలుగా వేళ్లు రాసి రాసి మధ్యభాగం అరిగిపోయింది. లోపల శిల్పి యాకొపో దెల్లా క్వెర్చా చెక్కిన, లుక్కా పాలకుడి భార్య ఇలారియా సమాధి ఉంది, పాదాల దగ్గర తల ఎత్తి చూస్తున్న కుక్కతో సహా. దానికి టికెట్ ఉంది, ఆ డబ్బు దండగ కాదు. పాత రోమన్ ప్రదర్శనశాల స్థలంలో ఉన్న ఆంఫితెయాత్రో కూడలికి వెళ్తే మధ్యలో కాఫీ తాగి వచ్చేయకండి, వెలుపలి వీధిలో ఒక చుట్టు తిరగండి. ఇళ్ల గోడల్లో ఇరుక్కుపోయిన రోమన్ కమానులు అక్కడే కనిపిస్తాయి. గ్వినీజీ గోపురం ఎక్కాలంటే 230 పైచిలుకు మెట్లు, లిఫ్ట్ లేదు, పైభాగం ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని కింద కూర్చోబెట్టడమే మేలు. శిఖరాన పెరిగిన చెట్లు వీధిలోంచి కూడా బాగానే కనిపిస్తాయి.

కారు ఊళ్లోకి వద్దే వద్దు. గోడ లోపల చాలాభాగం అనుమతి ఉన్న బళ్లకే. ప్రవేశాల దగ్గర కెమెరాలు నంబర్ తీసుకుంటాయి. బోర్డు మీద 'వార్కో అత్తీవో' అని వెలిగితే దారి తెరిచి ఉందనుకుని దూరిపోతుంటారు, నిజానికి నిషేధం అమల్లో ఉందని దానర్థం. ఎన్నిసార్లు దాటితే అన్ని జరిమానాలు, పైగా మీ వివరాలు ఇచ్చినందుకు అద్దె కంపెనీ వేసే రుసుము వేరే. నెలల తరవాత ఇంటికొస్తాయి. పల్లెల కోసం ఒక్కరోజు కారు కావాలంటే గోడ బయట తీసుకుని బయటే వదిలేయండి. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఇండియాలోనే చేయించుకు రావాలి.

ఆ ఒక్కరోజుకి నా ఓటు ఈశాన్యాన మార్లియాలోని విల్లా రెయాలె అనే తోటల భవంతికి. నెపోలియన్ చెల్లెలు ఎలీజా ఉన్న చోటు, పొదలనే గోడలుగా కత్తిరించి చేసిన నాటకశాల ఉంది. చలికాలంలో మూసేస్తారు. కారు వద్దనుకుంటే లుక్కా–అవుల్లా రైల్లో అరగంట వెళ్లి బోర్గో ఆ మొత్సానోలో దిగండి. అక్కణ్నుంచి నడిచి సెర్కియో మీది దెయ్యపు వంతెనకి వెళ్లొచ్చు. మధ్యయుగపు రాతి వంతెన, కమానుల్లో పెద్దది నిటారుగా లేస్తుంది. రాళ్లు తడిస్తే జారతాయి, వానలో పెద్దవాళ్లని ఎక్కించకండి. ఆదివారాలు రైళ్లు తక్కువ, తిరుగు రైలు టైము చూసుకునే దిగండి. పిసాకి వెళ్లేప్పుడు పెద్ద స్టేషన్ సెంట్రాలె దాకా పోకుండా ముందున్న సాన్ రొస్సోరె స్టేషన్‌లో దిగితే వాలు గోపురం నడక దూరమే.

తిండి విషయం. తోర్దెల్లి చూడటానికి మామూలు పాస్తాలా ఉన్నా లోపలా పైనా మాంసమే. ఫార్రో అనే పాతరకం గోధుమతో చేసే సూప్‌లో గింజలూ చిక్కుళ్లూ ఉంటాయి కానీ పంది కొవ్వు వేసే ఇళ్లు చాలా, 'సెంత్సా కార్నే?' (మాంసం లేకుండానా?) అని అడిగి తీరాలి. పార్మిజానో చీజ్‌లో దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్లు చల్లొద్దని చెప్పాలి. అమ్మానాన్నలకి నిశ్చింతగా పెట్టగలిగింది చెచీనా: సెనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి పెద్ద పళ్లెంలో కాల్చే పల్చటి రొట్టె. పిజ్జా కొట్లలో ముక్కగా కోసిస్తారు, మిరియాల పొడి చల్లించుకుని వేడిమీదే తినాలి. రాత్రి భోజనం ఏడున్నరకి ముందు దొరకడం కష్టం, సాయంత్రానికి ఏదైనా దగ్గర పెట్టుకోండి.

అక్టోబరు చివర, నవంబరు మొదట్లో కామిక్స్ ఉత్సవం వారం తప్పించండి, గదులు నెలల ముందే అయిపోతాయి. సెప్టెంబరు 13 రాత్రి కుదిరితే మాత్రం తప్పకుండా ఉండండి. ఇళ్ల ముంగిళ్లకి వరసగా దీపాలు పెడతారు, చీకటి పడ్డాక సాన్ ఫ్రెదియానో చర్చి నుంచి సాన్ మార్టినోకి ఊరేగింపు కదులుతుంది. దానికీ గది ముందే పట్టుకోవాలి.