నిలువు తరంగమా, అనుదైర్ఘ్య తరంగమా?

సందేహం: తిరుపతిలో రైలు పెట్టెల మరమ్మతు పనిలో అప్రెంటిస్‌ని. ఇరుసుల అల్ట్రాసోనిక్ పరీక్ష (చెవికి వినపడని ధ్వని తరంగాలతో లోపలి పగుళ్లు వెతకడం) గురించి తెలుగులో నోట్సు రాసుకుంటూ ‘నిలువు తరంగం, అడ్డ తరంగం’ అన్నాను. మా సార్ కొట్టేసి ‘అనుదైర్ఘ్య, తిర్యక్’ అని దిద్దారు. నా మాటల్లో తప్పేముందండీ? ఉపరితల తరంగం, ప్లేట్ తరంగం ఒకటేనా?

సమాధానం: తేలిక మాటలు వెతకడం మంచిదే, కానీ సార్ దిద్దింది సరైనదే. నిలువు అనేది నేలను బట్టి చెప్పే మాట. ఇరుసు కొన మీద ప్రోబు (తరంగాన్ని పంపి, ప్రతిధ్వనిని అందుకునే పరికరం) పెడితే తరంగం అవతలి కొనదాకా నేలకు సమాంతరంగా పోతుంది. దాన్ని నిలువు అంటే వినేవాడు పైకి చూస్తాడు! ఇక్కడ చూడాల్సింది తరంగం పోయే దారి, లోహపు కణాలు ఊగే దిశ. కణాలు ఆ దారి వెంబడే ముందుకూ వెనక్కూ ఊగితే అనుదైర్ఘ్యం. రేణిగుంట యార్డులో ఇంజను వచ్చి తగిలినప్పుడు కుదుపు పెట్టె నుంచి పెట్టెకు పాకుతుందే, ఆ తరహా. దారికి అడ్డంగా ఊగితే తిర్యక్. సంస్కృతం మరీ బరువనిపిస్తే మొదటిదాన్ని ‘వెంబడి తరంగం’ అనండి, నాకు అభ్యంతరం లేదు. ‘నిలువు’ మాత్రం వద్దు. అన్నట్టు, చాలామంది ‘అనుధైర్ఘ్య’ అని ఒత్తు ‘ధ’ రాస్తున్నారు. దీర్ఘం నుంచి వచ్చింది దైర్ఘ్యం. ధైర్యంతో దానికి చుట్టరికం లేదు.

‘తిర్యక్’తో ఒక చిక్కుంది. దానికి అడ్డం, వాలు అని రెండర్థాలూ ఉన్నాయి. 45, 60, 70 డిగ్రీల యాంగిల్ ప్రోబులు ఉక్కులోకి వాలుగా పంపేది సాధారణంగా తిర్యక్ తరంగాలనే. దాంతో, వాలుగా పోతుంది గనకే ఆ పేరు అనుకుంటారు. కాదు. వాలు దారిది, తిర్యక్కు ఊగడానిది. ద్రవంలో ఈ తరంగం సాగదు. ప్రోబు కింద పూసిన నూనెను దాటేది అనుదైర్ఘ్యమే, ఉక్కులోకి వాలుగా దిగేటప్పుడు తిర్యక్కుగా మారుతుంది. పేరు తారుమారైతే లెక్కా తారుమారే. పగులు ఎంత దూరంలో ఉందో ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్నీ, తరంగ వేగాన్నీ బట్టే లెక్కిస్తాం గదా. ఉక్కులో అనుదైర్ఘ్యం వేగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు, తిర్యక్కుది 3,200. ఒకదాని బదులు ఇంకోదాని వేగం వేస్తే పగులు దూరం ఇంచుమించు రెట్టింపో, సగమో అయిపోతుంది.

ఉపరితల, ప్లేట్ తరంగాలు ఒకటి కావు. మొదటిది 1885లో బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించింది. మందపాటి వస్తువులో పైపొరనే, సుమారు ఒక తరంగదైర్ఘ్యం లోతు వరకే ఉంటుంది. రెండోది 1917లో బ్రిటిష్ గణితవేత్త హొరేస్ లాంబ్ చెప్పింది. పలుచని రేకు మందమంతా ఊగుతుంది. దీన్ని ‘పలక తరంగం’ అనొచ్చు గానీ, పలకంటే మన చిత్తూరు వైపు బడిపిల్లలదే గుర్తొస్తుంది. ‘రేకు తరంగం’ అని రాసుకోండి.