లక్కపిడతలు ఆన్‌లైన్‌లో ఎవరు కొంటారు?

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఏటికొప్పాక లక్క బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మాలనుంది, ఇలాంటి సరుకు కొనేవాళ్లుంటారా అని అడిగారు. ఉంటారండీ. కానీ మనం పెట్టిన పేరుతో వెతుక్కుంటూ రారు. మారతహళ్లిలో మా ఇంటి నుంచి నాలుగేళ్లుగా ఇవే బొమ్మలు పంపిస్తున్నాను. ఈ సంగతి తెలిసేసరికి నాకు మొదటి ఏడాది గడిచిపోయింది.

మొదట్లో ప్రతి బొమ్మకూ ముందు 'ఏటికొప్పాక' అని పెట్టేదాన్ని. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరనీ, 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే ప్రభుత్వ ముద్ర) వచ్చిందనీ అంతా రాశాను. చూసేవాళ్లే లేరు. ఒకరోజు ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారట. "అమ్మాయ్, ఇవి లక్కపిడతలే కదూ? మనవరాలి కోసం నెల్నాళ్లుగా వెతికిస్తున్నా, ఎక్కడా దొరకట్లేదు" అన్నారు. లక్కపిడతలంటే పిల్లలాడుకునే బుల్లి వంటపాత్రలు. నా పేజీలో ఆ మాటే లేదు! ఆ రాత్రే కూర్చుని అన్నిటికీ చేర్చాను.

అప్పటి నుంచి ఎవరు ఏమని అడుగుతున్నారో పుస్తకంలో రాసుకుంటున్నాను. పాలపళ్లు వస్తున్న పిల్లల తల్లులు 'చెక్క గిలక్కాయ' అంటారు. గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లకు కుంకుమ భరిణెలు కావాలి, అదీ ఒకటీ రెండూ కాదు, ముప్పై నలభై. 2025 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్ర శకటం ఈ బొమ్మలతోనే వచ్చింది. ఆ వారం మాత్రం ఊరి పేరుతోనే చాలామంది వచ్చారు. చూసి వెళ్లారు, కొన్నది కొద్దిమందే.

కన్నడవాళ్లు 'చన్నపట్న బొమ్మలా?' అని అడుగుతారు. అది కర్ణాటకలో ఇలాంటి లక్క బొమ్మలు చేసే ఊరు. ఆ పేరు పెడితే అమ్మకం పెరుగుతుందని ఒకసారి పెట్టాను. జయనగర్‌లో ఒకాయన నన్ను సున్నితంగానే నిలదీశారు. సిగ్గుపడి తీసేశాను. వాళ్లదీ జీఐ ఉన్న కళే, ఆ పేరు వాళ్ల కష్టార్జితం. మీరు ఆ పని చెయ్యకండి. మనం అంకుడు అనే చెట్టునే కన్నడలో ఆలె మర అంటారు, రెండు ఊళ్లలోనూ ఆ చెక్కే వాడతారు. ఇది ఉన్నదున్నట్టు రాస్తే చాలు, ఆసక్తిగా చదువుతారు.

ఇక ప్రశ్నలు. "బిడ్డ నోట్లో పెట్టుకుంటే రంగు పోతుందా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. విసుక్కోకండి, అడిగినవాళ్లే కొంటారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి వాటితో చేసిన రంగులేనా కాదా అన్నది కళాకారుడినే అడిగి తెలుసుకుని, తెలిసినంతే చెప్పండి. ఈ సహజ రంగుల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ కష్టాన్ని మన నోటి అబద్ధంతో చెడగొట్టకూడదు. ఇంకొకటి, బొమ్మలకు 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే వాటికి మినహాయింపు ఉంది గానీ, కొని తిరిగి అమ్మే మీకు అది వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

వాపసులు నాకు ఎక్కువగా సైజు వల్లే వచ్చాయి. ఫొటోలో పెద్దగా కనిపించిన పిడత చేతికొచ్చేసరికి బొటనవేలంత ఉంటుంది. ఇప్పుడు ప్రతి ఫొటోలోనూ అరచేతిలో పెట్టే చూపిస్తున్నాను. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలో ఆపిన కారులో వదలొద్దని, వేడినీళ్లలో కడగొద్దని పెట్టెలో చీటీ వేస్తాను. క్యాష్ ఆన్ డెలివరీ వద్దనుకుంటే తెలుగువాళ్లు సగం మంది వెనక్కి తగ్గారు. అందుకని ఆర్డరు రాగానే ఫోన్ చేసి మాట్లాడి, అప్పుడే పంపిస్తున్నాను. తలుపు దగ్గర వద్దనేవాళ్లు బాగా తగ్గారు.

భరిణెలు, లక్కపిడతల సెట్టు, గిలక్కాయ, ఈ మూడింటితో మొదలుపెట్టండి. బొమ్మల కొలువు ఇక్కడివాళ్లకు దసరాకి, మనవాళ్లలో చాలామందికి సంక్రాంతికి. దసరా సరుకు కావాలంటే శ్రావణం రాకముందే ఊరికి చెప్పండి, చెక్క ఆరనిదే వాళ్లు పని మొదలుపెట్టరు.